అన్న సమాధి మీది సిమెంటు

దయ్యాలను నేనేనాడూ నమ్మలేదు. చర్చిలో పాస్టరుగారు వాటిని వెళ్లగొడుతుంటే కిటికీలోంచి రోడ్డు మీద లారీలు చూస్తూ కూచునేదాన్ని. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ల్యాబులో నా ఉద్యోగం. నీళ్లు కలిపిన సిమెంటు లోలోపల ఎట్లా గట్టిపడుతుందో ఎక్స్‌రే మిషన్లో చూడటమే నా పని.

మా ఊరు జమ్మలమడుగు పక్కన. ఎన్నికల్లో ఒక పార్టీకి ఏజెంటుగా కూచున్నాడని మా అన్నను అమ్మ కళ్లెదుటే నరికేశారు. సాక్షి అమ్మ ఒక్కతే.

ఊరి పెద్దమనుషులు రాజీ అన్నారు. కోర్టులో ఏమీ చూడలేదని చెప్పమన్నారు. అమ్మ ఒప్పుకుంది. "ఉండే ఒక్క బిడ్డనన్నా కాపాడుకోవల్ల గదా" అంది. నాకు ఒళ్లు మండింది. కానీ భయం అంతకంటే ఎక్కువగా ఉండింది.

ఆ వారమే అన్న సమాధికి సిమెంటు పూయించాం. అది గట్టిపడలేదు. "రెండు తూర్లు పూస్తి. ఇంగా పచ్చిగానే ఉందమ్మా" అన్నాడు మేస్త్రి. అదే మూటతో, అవే నీళ్లతో కట్టిన మా ఇంటి మెట్లు మాత్రం రాయైపోయాయి. అమ్మ రోజూ పొద్దున్నే పోయి సమాధిని వేలితో నొక్కి చూసేది. వేలు దిగబడేది. వేలు కొంగుకు తుడుచుకుని తిరిగొచ్చేది.

చక్కెర కలిస్తే సిమెంటు గట్టిపడదు. సమాధి మీద కొంచెం గీకి తెచ్చి పరీక్ష చేశాను, చక్కెర లేదు. మిగిలింది సన్నటి గాజు గొట్టంలో మూసి ఎక్స్‌రేలో పెట్టాను. మామూలుగా సిమెంటు రేణువులు అంచుల్లో కరుగుతూ, వాటి మధ్య నల్లగా కనిపించే నీటి సందులు పూడుకుపోతాయి. ఇక్కడ రోజులు గడిచినా బొమ్మ మారలేదు.

వాయిదా రోజు అమ్మ మా మేనమామతో ప్రొద్దుటూరు కోర్టుకు పోయింది. అన్నను చంపినవాళ్ల కంట పడతానని నన్ను రావద్దంది. నేను మిషన్ ముందే ఉండిపోయాను. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే కొత్త బొమ్మ వచ్చింది. అందులో సందులు పూడుతున్నాయి. అప్పుడే మామ ఫోన్ చేశాడు. "మీయమ్మ అందరి పేర్లూ చెప్పేసింది పాపా" అన్నాడు.

ఆ సాయంత్రానికి సమాధి కూడా గట్టిపడిందని మేస్త్రి కబురు పెట్టాడు.

సిమెంటు ఒక్కోసారి ఆలస్యంగా గట్టిపడుతుంది, కాదనను. కానీ ఊళ్లో సమాధి, ఇక్కడ నా గొట్టం, రెండూ ఒకే పూట ఎట్లా? ఆ బొమ్మలు ఇప్పటికీ తిరగేస్తుంటాను.

అమ్మ మళ్లీ ఊరికి పోలేదు, నా దగ్గరే ఉండిపోయింది. పోతే బతకనివ్వరు. గొట్టం పగలగొట్టి అందులోని సిమెంటు ముక్కను ఆమె చేతిలో పెట్టాను. వేలితో నొక్కి చూసింది. "దిగలేదే" అని ఏడ్చింది.

సమాధుల పండుగకు అందరూ తమవాళ్ల దగ్గరికి పోతారు. అమ్మ మా కిటికీలో ఆ వేలెడంత ముక్క పక్కన కొవ్వొత్తి వెలిగిస్తుంది.