వెనక సీటు కింద చప్పుడు

మరమ్మతు షెడ్డుకు ఏ బండి వచ్చినా మేస్త్రి ముందుగా బానెట్ ఎత్తడు. వెనక సీట్లో ఎక్కి, కళ్ళు మూసుకుని, పోనివ్వమంటాడు. కాసేపటికి బండి చేసే చప్పుడే ఆయన నోట్లోంచి వస్తుంది. ఒక పెద్దమనిషి అది విని హడలిపోయి, ఇంజను ఆపేశాడట. చప్పుడు మాత్రం ఆగలేదట.

శవాల బండి మరమ్మతుకు వస్తే దానికీ అదే మర్యాద. వెనక శవం పడుకునే చోటే పడుకుని చెవి ఒగ్గాడు. దారిలో ఒకాయన బండికి దణ్ణం పెడితే లోపలి నుంచి "కిర్ర్" మని జవాబొచ్చింది. ఆయన ఆ వీధిలో నడవడం మానేశాడని చెప్పుకుంటారు.

ఒకామె తన పాత కారుతో షెడ్డుకు వచ్చిన రోజు ఇవేవీ నవ్వు తెప్పించలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కారు కుదుపుతోంది, మూలుగుతోంది. వేడెక్కితే నడిరోడ్డు మీద ఆగిపోతోంది. వెనక సీట్లో భర్త ఉంటాడు. రోజు విడిచి రోజు డయాలసిస్‌కు తీసుకెళ్ళాలి. తిరుగుదారిలో అతనికి వాంతులవుతాయని అద్దె కార్లవాళ్ళు రావడం మానేశారు. నిన్న వంతెన మీద కారు ఆగితే, వెనక హారన్లు మోగుతుంటే, అతను అన్నాడు:

"నన్నిక్కడే దింపేసి పో. ఇంక ఓపిక లేదు."

కోపంగా అనలేదు. ఉప్పు అందించమన్నట్టు అన్నాడు. ఆ గొంతుకే ఆమె భయపడింది.

మర్నాడు ఆసుపత్రికి బయల్దేరినప్పుడు మేస్త్రి వెనక సీట్లో భర్త పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. కారు కదిలింది. "గుయ్య్" అన్నాడు మేస్త్రి. భర్త ముఖం తిప్పుకున్నాడు. మళ్ళీ "గుయ్య్". అతను ఒకప్పుడు వయొలిన్ వాయించేవాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఆపరేషన్ చేశాక వయొలిన్ బీరువా పైకి ఎక్కింది. మూడోసారికి తట్టుకోలేకపోయాడు.

"అది కాదు. ఇంకాస్త పైన."

"ఎంత పైన?"

పాడి చూపించాడు. గొంతు జీరబోయింది.

"మీది మరీ ఏడుపులా ఉందండీ."

"కారు ఏడుస్తుంటే నన్నేం చేయమంటారు?"

అంతలో కారు ఆగింది. మేస్త్రి దిగి, చెక్క సుత్తితో కారు కిందికి దూరి ఏదో కొట్టాడు. కారు కదిలింది. ఏమిటి జబ్బు అని ఆమె అడిగితే, ఇంకా అంతుపట్టలేదు, ఎల్లుండి మళ్ళీ వినాలి అన్నాడు.

ఎల్లుండీ అంతుపట్టలేదు. ఆ తరవాతా అంతే. కారు ఆగినప్పుడల్లా మేస్త్రి దిగి సుత్తితో కొడితే కదిలేది. వెనక ఇద్దరూ ఆసుపత్రి దాకా మూలుగు మీద కీచులాడుకునేవాళ్ళు. డయాలసిస్ కుర్చీలో ఉన్నా భర్త, ఆ మనిషికి చెవులు బొత్తిగా లేవని నర్సుతో వాదించేవాడు. మేస్త్రికి పనితనం పోయిందని, వేరే షెడ్డు వెతకాలని ఆమె అనుకుంది. భర్త మాత్రం ఇప్పుడు ఆమె పిలవకముందే చెప్పులేసుకుంటున్నాడు.

ఒకరోజు వైపర్ కొనడానికి విడిభాగాల దుకాణానికి వెళ్ళింది. మీ కారు పెట్రోలు ట్యాంకులో పెట్టే పంపు వచ్చింది, మేస్త్రికి చెప్పండి అన్నాడు దుకాణదారు. పాత మోడల్ కాబట్టి దొరకడం ఆలస్యమైందట. మేస్త్రి మొదటి రోజే తెప్పించమని చెప్పి పెట్టాడట.

ఆమె అక్కడి నుంచి నేరుగా షెడ్డుకే వెళ్ళింది.

"మొదటి రోజే తెలుసా బాబాయ్?"

"వెనక సీటు కింద మూలిగేది పంపు కాక ఇంకేముంటుందమ్మా."

"మరి ఆగినప్పుడు ట్యాంకుని ఎక్కడ కొట్టాలో నాకు నేర్పొచ్చుగా."

మేస్త్రి గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడిచాడు.

"నేర్పితే మీరిద్దరే వెళ్ళేవాళ్ళు," అన్నాడు.

ఆ పూటే పంపు మార్చేశాడు.

తరవాతి ప్రయాణంలో కారు గాలిలా పోయింది. కుదుపు లేదు, మూలుగు లేదు. వెనక సీట్లో సగం ఖాళీ. భర్త కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. వంతెన మీది మాట మళ్ళీ వస్తుందేమోనని ఆమె వీపంతా చెవులు చేసుకుంది.

"ఏదో చప్పుడొస్తోంది," అన్నాడతను.

ఆమె విన్నది. ఏమీ లేదు.

"నాకేం వినపడటం లేదే."

"నీకు వినపడదు. ఆ ముసలాయనకి అసలే వినపడదు. అయినా పిలు."

ఆమె అద్దంలో చూసింది. అతను అప్పటికే తలుపు వైపు జరిగి, పక్కన చోటు చేస్తున్నాడు.