కాళ్లందే బండి

పొట్టి నర్సమ్మను ఎరగని ఇల్లు ఆ వీధుల్లో లేదు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి సూదిమందు వేసి, లేచి వచ్చే ముందు దిండు సర్ది, ఒక మంచి మాట చెప్పి మరీ వస్తుంది.

ఆమె అక్కకు వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించాలి. బస్సులో నిలబడలేక అక్క రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. గుట్ట దిగే రాళ్లదారిని స్కూటరు చిన్న చక్రాలు తట్టుకోవు. కొత్త మోటారుసైకిళ్లన్నీ గుర్రాలంత ఎత్తు. అందుకే నర్సమ్మ ఏడాదిగా ఎత్తు తక్కువ పాతకాలపు బండి కోసం వెతుకుతోంది. ఏది ఎక్కినా మునివేళ్లే నేలకు తగిలేవి.

"నీకు కావలసింది బండి కాదు తల్లీ, నిచ్చెన," అనేవాడు మెకానిక్కు.

"దానికి గేర్లుంటే అదే ఇప్పించు బాబాయ్," అనేది.

చివరికి ఆయనే ఒక పాత నల్లబండి వెతికి తెచ్చాడు. సీటులో స్పాంజి సగం కోసేసి, వెనక పొట్టి స్ప్రింగులు బిగించాడు. నర్సమ్మ ఎక్కితే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. దేవుడికి దణ్ణం పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. అంత చక్కగా అమిరిన వస్తువును చూసి భయపడాలని ఎవరికి తోస్తుంది? వెనక ఇంకో మనిషి బరువు పడితే ఏమవుతుందన్నది ఆమెకూ మెకానిక్కుకూ తట్టలేదు.

మంగళవారం పొద్దున అక్కను ఎక్కించుకుని బయల్దేరింది. మొదటి గుంతలోనే సీటు కింద గర్రుమంది.

"ఏంటే ఆ చప్పుడు?"

"రాయి తగిలుంటుందిలే అక్కా."

రెండో గుంత తర్వాత ఆ చప్పుడు ఆగనే లేదు. గుట్ట వాలులో కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి జివ్వున ఊగింది. అక్క చేతులు నడుము చుట్టూ బిగుసుకున్నాయి. నర్సమ్మ మెల్లగా బ్రేకు నొక్కి, దారి వార నిలిపింది. అటుగా వచ్చిన కూరగాయల వ్యానతను అక్కను తన పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రిలో దింపాడు.

సాయంత్రం మెకానిక్కు చక్రం చేత్తో తిప్పి చూశాడు. ఇద్దరి బరువుకు పొట్టి స్ప్రింగులు కుంగి, టైరు మడ్‌గార్డుకు రాసుకుని లోపలి దారాలు బయటపడ్డాయి.

"ఇంకో మలుపు తిరిగుంటే పేలేది తల్లీ. తప్పు నాదే. నీ కాళ్లు చూశాను గానీ నీ వెనక మనిషిని చూడలేదు."

"టైరు మార్చి, పాత స్ప్రింగులే పెట్టెయ్ బాబాయ్."

"అప్పుడు నీ కాళ్లందవు. ఆపిన చోటల్లా పడతావు."

బెంచీ మీద కూర్చున్న అక్క నవ్వింది. "నావి అందుతాయిగా! తాటిచెట్టని ఊరికే ఏడిపించారా నన్ను? ఆగినచోట నేను కాళ్లు ఆనిస్తా. నువ్వు నడుపు."

శుక్రవారం బయల్దేరారు. గుట్ట కింద రైలు గేటు దగ్గర బండి ఆపగానే అక్క చెప్పులు నేలకు ఆనాయి. బండి నిలబడింది. కానీ ఆ కాళ్ల వణుకు సీటులోంచి నర్సమ్మ వెన్నులోకి పాకింది.

"అలిసిపోయావా అక్కా?"

"ముందు చూసి నడపవే!"

ఆసుపత్రి చేరేలోపు ఇంకా ఏడుచోట్ల ఆగాలి. ఈ ఏడు చోట్లూ దాటించు తండ్రీ, అనుకుంది నర్సమ్మ. వచ్చే వారం సంగతి ఆ దేవుణ్ణి అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.