నా అరికాళ్ళు పాస్ చేసిన కంకర

ఆ కాలంలో రాయి అంటే నాకు నెత్తి మీద బరువే. దాన్ని ఇంటి ముందు పరుచుకుని చూసి మురిసేవాళ్ళుంటారని తెలియదు. (అక్షరాలు తల నెరిశాక నేర్చుకున్నాను. రాళ్ళను మాత్రం పాలపళ్ళు ఊడకముందే చదివాను.) కరీంనగర్ దగ్గర క్వారీలో మా మేనత్త వెంట చెప్పుల్లేకుండా కంకర మోసేదాన్ని. అప్పుడే దుబాయి నుంచి వచ్చిన ఒక సేటు కొత్త ఇల్లు కట్టి, గేటు నుంచి గడప దాకా అక్కడ చూసినట్టు రాళ్ళు పరిపించాలనుకున్నాడు. మొరం, వాగు గుండ్రాళ్ళు, క్వారీ కంకర మూడు కుప్పలు పోయించి, ఏది మంచిదో తేలక అత్తను పిలిపించాడు. అత్త నన్ను ముందుకు తోసింది. "సేటూ, గీ పిల్లకు రాళ్ళ సంగతి మస్తు ఎరుక. చెట్లకు నీళ్ళు పోసే పని దీనికే ఇయ్యుండ్రి."

"ముందుగాల రాయి తేల్చనియ్యి, పని సంగతి తర్వాత" అన్నాడు సేటు.

నీడ పట్టున పని! ఎండలో మాడిన నాకు అంతకంటే ఏం కావాలి? పైగా, రాయిని మొయ్యమన్నవాళ్ళే గాని ఎలా ఉందో చెప్పమన్నవాళ్ళు అంతవరకు లేరు. హుషారు పుట్టి ఒక్కో కుప్ప మీద నీళ్ళు పోసి చూశాను. మొరం ఎర్రటి బురదై కారింది. గుండ్రాళ్ళు కాలి కింద దొర్లి నన్ను కూలేశాయి. కంకరలో నీళ్ళు చప్పున ఇంకాయి, రాయి రాయిని పట్టుకుని కదల్లేదు. దాని మీద నడిచాను, గెంతాను. "గుచ్చుతలేవా?" అన్నాడు సేటు. "ఏడ గుచ్చుతయ్ సేటూ, పరుపు లెక్కున్నది!" సేటు బాటంతా ఆ కంకరే పరిపించి, నీళ్ళ పని నాకిచ్చాడు.

గృహప్రవేశం మంచి ఎండల్లో వచ్చింది. చుట్టాలంతా మర్యాదగా గేటు దగ్గరే చెప్పులు విడిచారు. అంతే, పట్టుచీరలు గంతులేశాయి. సేటు మామగారు కొంగలా ఒక్కో కాలూ ఎత్తుతూ, "అల్లుడా, పండుగకు పిలిచినవా, అగ్నిగుండం తొక్కుమన్నవా?" అని అరిచాడు.

"ఎవలే గీ కంకర పాస్ చేసింది?" సేటు మొహం కందిపోయింది. అత్త నీళ్ళ డ్రమ్ము వెనక దాక్కుంది. నేనే ముందుకొచ్చాను. సేటు భార్య నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి అరికాలు బొటనవేలితో నొక్కి చూసింది. "ఇది కాలా, బండనా? దీన్ని అడిగితే తుమ్మముల్లు గూడ మెత్తగున్నదంటది!" పాదాలు పట్టుకు కూర్చున్న మామగారికీ నవ్వు ఆగలేదు.

"నీళ్ళ పని పోయినట్టేనా అక్కా?"

"పోలే తియ్. కంకర ఎత్తి చెట్ల మొదట్ల పొయ్యి, ఆడ ఎవలు నడువరు. బాటకు బండలు ఏయిస్తం. గీసారి నేనే నడిచి చూస్త." అని తన పాత చెప్పులు నా ముందు పడేసింది.

మొన్న మనవరాలు పార్కుకు తీసుకుపోతే కంకర బాట కనిపించింది. గొప్పగా చెప్పులు విడిచి అడుగేశాను. "అవ్వో!" నా కేకకు పక్క బెంచీవాళ్ళు తిరిగి చూశారు. "పరుపు లెక్క లేదా అమ్మమ్మా?" అంది ఆ పోకిరిది. (ఈ కథ దానికి కంఠస్థం.) నవ్వుకుంటూ చెప్పులు తొడుక్కున్నాను. ఆ బండ అరికాళ్ళ పిల్ల నన్ను విడిచి ఎప్పుడు వెళ్ళిపోయిందో, ఈ చెప్పుల చప్పుడులో నాకు వినబడనే లేదు.