మూడో ఖానా కింద గొర్రెలు

2023 వానాకాలం. ఉదయగిరి నుంచి మా ఆత్మకూరు వచ్చే దారిలో ఒక పాత ఇరుకు వంతెన ఉంది. అది ఇంకా బరువు మోయగలదో లేదో తేల్చే పని మా కంపెనీకి వచ్చింది. శ్లాబు అడుగున వైర్‌లెస్ సెన్సర్లు అతికించాను. బరువు పడ్డప్పుడు శ్లాబు ఎంత సాగుతుందో అవి కొలుస్తాయి, దాన్నే స్ట్రెయిన్ అంటాం. ఆ కొలతలను గట్టు మీద స్తంభానికి బిగించిన గేట్‌వే అనే పెట్టె అందుకుని ఆఫీసుకు పంపుతుంది.

మూడు వారాల డేటాలో అన్నీ చిల్లులే. రోజూ పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి కాసేపు ఏమీ ఉండదు. పెట్టె నాసిరకమని తిట్టుకున్నాను. పోయిన చోట ముందూ వెనకా ఉన్న కొలతలను బట్టి అంచనా కట్టి పూడ్చే ప్రోగ్రాం ఉంది, డేటా రికవరీ అంటాం. పూడ్చాను. గ్రాఫులో గీత నున్నగా వచ్చింది. "వంతెన భద్రం" అని రిపోర్టు రాసేశాను.

పంపబోతూ ఆగాను. రోజూ అదే టైముకు ఎందుకు పోతోంది? కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

"ఎందుకమ్మా అంత ఆలోచన? సాయంత్రానికి పంపించెయ్" అన్నారు మా సారు ఫోన్లో. సరేనని, బండి తీసుకుని వంతెన దగ్గరికే పోయాను.

తుంపర పడుతోంది. వానకు ఎవరైనా వంతెన కిందకు పోతారు. రోజూ అక్కడే గొర్రెలు మేపే పెంచలయ్య తాత మాత్రం వంతెన కింద నుంచి వాటిని వానలోకి తోలుతున్నాడు.

"ఇదేంది తాతా, వానలోకి తోలతా ఉండావు?"

"మూడు కావస్తా ఉండాదమ్మా. లోడు టిప్పర్లొచ్చే టైము. అవి పోతా ఉంటే ఆ దిమ్మెల మధ్య మూడో ఖానాలో పెచ్చులు రాల్తా ఉండాయి. మొన్న ఒక గొర్రెకి నడుం ఇరిగింది."

అంతలోనే లోడు టిప్పరు వచ్చింది. ఎదురుగా వస్తున్న ఖాళీ టిప్పరు గట్టు మీద, సరిగ్గా మా పెట్టె ముందు ఆగింది.

"ఖాళీది ఆగాల, లోడుది పోవాల. అది డ్రైవర్ల కట్టుబాటు" అన్నాడు తాత.

ఆ ఇనుప తొట్టి అడ్డం రాగానే నా ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ తెగిపోయింది. వంతెన మీద లోడు బండి, కింద టపటపా పెచ్చులు. అత్యంత బరువు పడే నిమిషాలే రోజూ పోతున్నాయి. వాటిని నేను ఖాళీ వంతెన కొలతలతో పూడ్చాను.

సెన్సర్ల మెమరీలో ఒక్క రోజు కొలతలు నిలుస్తాయి. నిచ్చెన వేసి, కేబుల్ తగిలించి వాటిని ల్యాప్‌టాప్‌లోకి లాగాను. మూడో ఖానాలో స్ట్రెయిన్ హద్దు దాటింది. బండి పోయాక కూడా పూర్తిగా దిగడం లేదు, అంటే లోపల పగులు పెరుగుతోంది. టైము చూశాను. నాలుగు దాటింది. నాలుగున్నరకు స్కూలు బస్సు ఈ దారినే వస్తుంది.

వంతెన వెంటనే మూయించమని సారుకు ఫోన్ చేసి అరిచాను. పై అధికారులతో మాట్లాడతానన్నారు, కానీ బస్సును ఆపేదెవరు? తాత మందను తోలుకొచ్చి రోడ్డుకు అడ్డంగా నిలబెట్టాడు. బస్సు హారన్ కొట్టింది. గొర్రెలు కదల్లేదు, తాతా కదల్లేదు. నేను పరుగున పోయి డ్రైవరుకు చెబితే బస్సు వెనక్కి తిరిగి చుట్టుదారి పట్టింది. చీకటి పడేలోపు వంతెన మూసేశారు.

"ఇన్నాళ్లూ ఈడే తిరగతా ఉండావు గదమ్మా. నన్నొక మాట అడిగుంటే మొదటి దినమే చెప్పుండేవోణ్ణి" అన్నాడు తాత.

ఇప్పుడు ఎక్కడ డేటా పోయినా, ప్రోగ్రాం తెరిచే ముందు ఆ టైముకు అక్కడికి పోయి నిలబడతాను, ఎవరు కనిపిస్తే వాళ్లను అడుగుతాను. ఆ పాత రిపోర్టు ఇంకా నా దగ్గరే ఉంది. "వంతెన భద్రం" అన్న మాట కింద నా సంతకం కూడా ఉంది.