సముద్రం గోడ బేరం

మా వైపు సముద్రం లేదు. అయినా సముద్రాలకు కొదవ లేదు. రాయల కాలంలో పెద్ద చెరువు తవ్వించిన ప్రతివాడూ దాని పేరు చివర సముద్రం అని తగిలించి పోయాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ సముద్రాల్లో గొర్రెలు మేస్తాయి. పెనుకొండ దాటి ధర్మవరం వైపు పోయే రైలుకట్టను ఆనుకుని అట్లాంటిదే ఒకటి ఉండేది. నీళ్లు కట్టను కోయకుండా రైల్వేవాళ్లు ఆ పొడవునా రాతిగోడ కట్టించారు. దాన్ని అందరూ సముద్రం గోడ అనేవాళ్లు. ఆ పేరుకు ఎవరూ నవ్వేవాళ్లు కారు. నవ్వాలంటే అసలు సముద్రాన్ని చూసి ఉండాలి కదా.

యాభైలు ముగిసి అరవైలు మొదలవుతున్న రోజులు. కార్తీకంలో ఒక గాలివాన వచ్చింది. మూడు రోజులు పగలూ రాత్రీ తేడా తెలియకుండా కురిసింది. చెరువు నిండి, దాని మీద గాలి తిరగబడి, అలలు లేచి గోడను కొట్టాయి. నాలుగో రోజు పోయి చూస్తే నలభై గజాల గోడ నీళ్లలోకి ఒరిగిపోయి ఉంది. వెనకున్న మట్టి కరిగిపోయింది. పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో దండెం తాడులా వేలాడుతున్నాయి. వాటి మీద ఒక కాకి కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

రైల్వే ఇంజినీరు కాకినాడ మనిషి, మా సీమకు కొత్తగా వచ్చాడు. 'సముద్రం గోడ కూలింది' అని కబురు అందితే, ఇది మాది కాదు, దారి తప్పి వచ్చింది అని రాసి వెనక్కి పంపాడట. రెండో కబురుకు తనే వచ్చి కట్ట మీద నిలబడ్డాడు. గాలి ఒక్కసారి విసిరేసరికి అల లేచి ఆయన ప్యాంటు నడుం దాకా తడిపింది.

"ఉప్పొక్కటే తక్కువండీ," అన్నాడు ప్యాంటు పిండుకుంటూ.

గోడ మళ్లీ కట్టే పని పెనుకొండలో ఉండే మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, దక్కింది. రాళ్ల మేస్త్రితో బేరం కుదర్చడానికి ఆయన నన్ను పిలిపించాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. హిందూపురంలో మాది బెల్లం, చింతపండు మండీ. పాలు తాగే వయసులోనే నేను చివర్లో కాస్త కొసరు అడిగేవాణ్ణని మా అవ్వ చెప్పేది. బేరంలో నన్ను మించినవాడు హిందూపురం, మడకశిర మధ్య లేడని నా నమ్మకం. ఆ నమ్మకం నాతో పాటు ఇంకెవరికైనా ఉండేదేమో నేను విచారించలేదు.

అయితే ఆ గోడ తొందరగా లేవాలని మామకంటే ఎక్కువ ఆరాటం మా ఇంట్లో ఉంది. అక్కను ధర్మవరం ఇచ్చాము. తొలి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి తీసుకురావాలి. ఎనిమిదో నెల పడితే కదిలించకూడదు, తొమ్మిదో నెలలో ప్రయాణం అంతకన్నా వద్దు. ఇది మా అవ్వ చట్టం. ఎనిమిదో నెల పడడానికి పది రోజులే మిగిలాయి. బస్సు దోవ ఏటి దగ్గర తెగిపోయింది. రైలు అటునుంచి వచ్చి గండికి అవతల, ఇటునుంచి వచ్చి ఇవతల ఆగుతోంది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాటి లోతు బురదలో నడిచి బండి మారుతున్నారు. నిండు మనిషి ఆ బురదలో నడవగలదా? అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

"పది దినాల్లో రైలు నడవల్ల. నువ్వేం చేస్తావో నాకు తెలీదు," అంది. రైలు నేనే లాగుతున్నట్టు.

మేస్త్రిది పెనుకొండే. యాభై దాటిన మనిషి, కొండరాయి రంగు. సున్నం చర్మాన్ని తినేస్తుందని చేతులకు ఎప్పుడూ పాతగుడ్డ చుట్టుకుని ఉండేవాడు. గజానికి ఇంత అని కూలి రేటు నలుగురిలోనే తేలిపోయింది. మిగిలింది రోజుల లెక్క.

"నెల పడుతుంది సెట్టీ," అన్నాడు బయటికి, అందరూ వినేట్టు.

వెనక అరవై మంది కూలీలు కూర్చుని వింటున్నారు. పది రోజులు అని పైకి అంటే వాళ్లంతా గడ్డపారలు భుజాన వేసుకుని ఇంటికి పోతారు. అందుకే నేను మా మండీ పద్ధతిలోకి దిగాను. భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. సంతలో బేరం నలుగురికీ తెలియకూడదంటే మా వైపు ఇదే ఆచారం. తువ్వాల కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకోవాలి. రెండు వేళ్లు పడితే రెండు, మూడు పడితే మూడు. చెయ్యంతా పడితే ఐదు. నోరు మాత్రం వానల గురించో పశువుల గురించో మాట్లాడుతూ ఉంటుంది.

"ఈసారి చెనిక్కాయ పంట ఎట్ల ఉండాది మేస్త్రీ?" అంటూ ఆయన చెయ్యంతా పట్టి ఒకసారి నొక్కాను. వదిలి మళ్లీ చెయ్యంతా పట్టి నొక్కాను. ఐదూ ఐదూ పది.

మేస్త్రి నా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"చెనిక్కాయకు ఇంత తొందర పనికిరాదు సెట్టీ," అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఎవురి కోసరం ఈ పరుగు?" అని అడిగాడు.

చెప్పాను. అక్క, ఏడో నెల, బురద, అన్నం ముట్టని అమ్మ.

ఆయన కళ్లు చెరువు మీదికి తిప్పి, వేలాడే పట్టాలను చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు. "ఆడబిడ్డ పుట్టింటికి రావల్ల కదా. సరే, పో." నా చెయ్యి తిరిగి నొక్కాడు. బేరం ముగిసింది. నెలను పది రోజులకు దించానని నేను హిందూపురం దాకా ఈల వేసుకుంటూ పోయాను.

మరునాడు సున్నంలో కలపడానికి బెల్లం కావాలని కబురొచ్చింది. గానుగలో సున్నం రుబ్బేటప్పుడు బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ పోస్తే రాయికీ రాయికీ విడరాని పట్టు వస్తుందట. మా మండీలో వానకు తడిసి నల్లబడి, ఎవరూ కొనని బెల్లం గుట్టగా ఉంది. దాన్నే బండికెత్తి నేనే తోలుకుపోయాను. మేస్త్రి ఒక గడ్డ విరిచి నోట్లో వేసుకున్నాడు.

"ఏమప్పా, ఇది మనుషులు తినేదేనా?"

"గోడ తింటాది లే మేస్త్రీ, దానికి నాలిక ఉండాదా?"

"గోడకు లేకపోతే నాకు ఉండాది. రేపు మంచిది తెచ్చి నా మనుషులకు పానకం పోయించు. అంతవరకు ఈ గోడకు నీ చెడ్డ బెల్లమే."

పానకం పోయించాను. అరవై మందికి. కొసరు అడిగేవాడు కొసరు ఇచ్చిన మొదటి సందర్భం అదే.

ఆ పని చూడడానికే నేను రోజూ పెనుకొండ రైలెక్కేవాణ్ణి. నీళ్లలో పడిన పాత రాళ్లను నడుం లోతున దిగి మోకులు కట్టి పైకి లాగేవాళ్లు. మేస్త్రి ప్రతి రాతి చుట్టూ తిరిగి దాని సన్నని కొస ఎటుందో చూసేవాడు. "తోక లోపలికి, మొగం నీళ్లకు" అని కేకేసేవాడు. రాయి కుదురుకున్నాక సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఆనించేవాడు. ఖంగుమంటే సరే. మొద్దుగా మోగితే ఎంత కష్టపడి పెట్టినా తీయాల్సిందే. గోడ లేచేకొద్దీ వెనక మట్టి పోసి గట్టిగా కుదించేవాళ్లు. ఆడవాళ్లు సున్నం గంపలు అందిస్తూ నా మీద పాటలు కట్టారు. ఇస్తిరి చొక్కా సెట్టి, పని చేయని సెట్టి అని. నేను నవ్వుతూనే ఒక గంప ఎత్తబోయి వెల్లకిలా పడ్డాను. దాంతో పాటకు ఇంకో చరణం వచ్చింది.

వాళ్లు పని చేసే జోరు చూస్తే నాకే ముచ్చటేసేది. వెన్నెల వెలుగులో కూడా రాళ్లు పేర్చారని తెలిసి, నా బేరానికి ఎంత బలముందో అనుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మేస్త్రి ఆఖరి రాయి పెట్టి, సుత్తితో కొట్టి విని, నా దగ్గరికి వచ్చాడు.

"అయిపాయ సెట్టీ. మాట మాటే."

"ఇంకా రెండు దినాలు ఉండాయి కదప్పా!" అన్నాను నేను సంతోషం పట్టలేక.

"యాడివి రెండు దినాలు? నువ్వడిగింది ఎనిమిది, నేనిచ్చింది ఎనిమిది."

"నేనడిగింది పది. చెయ్యంతా రెండుసార్లు పట్టుకున్నా."

మేస్త్రి నా వైపు అదోలా చూసి, కుడిచేతి గుడ్డ మెల్లగా విప్పాడు. నాలుగు వేళ్లున్నాయి. చిటికెన వేలుండాల్సిన చోట నున్నని మచ్చ. రాయి పగలేసేటప్పుడు తూటా పేలి ఆ వేలు పోయిందట, నేను పుట్టకముందే.

"నా చెయ్యంటే నాలుగని పెనుకొండ సంతలో ఎద్దులకు కూడా తెలుసు!" అని ఆయన నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "నువ్వు పది అడిగితే మేము ఎనిమిది దినాల్లో సచ్చినామా! ఓరి నీ తువ్వాల తగలెయ్య!" కూలీలు మూగారు. సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకి, గోడ పొడవునా నవ్వు పరుగెత్తింది. తువ్వాల కింద బేరానికి కావలసిన చదువు ఒక్కటే, వేళ్లు లెక్కపెట్టడం. నేను అదొక్కటే చేయలేదు.

నవ్వులు తగ్గాక ఇంజినీరు వచ్చి గోడంతా నడిచి చూశాడు. బాగుందన్నాడు. తరువాత నా గుండె ఆగిపోయే మాటన్నాడు.

"సున్నం ఆరాలండీ. రెండు రోజులు బండి వదలను. ఎల్లుండి సాయంత్రం చూద్దాం."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, ఈసారి జాగ్రత్తగా. ఎల్లుండి అంటే పదో రోజు. అక్కకు మిగిలిన ఆఖరి రోజు. మేస్త్రి వేళ్లు ఐదూ ఉండి ఉంటే గోడ పదో రోజుకు అయ్యేది, రైలు పన్నెండో రోజుకు నడిచేది, అక్క ధర్మవరంలోనే ఉండిపోయేది. సున్నానికి ఆరే గడువు కావాలన్న ఆలోచనే నా బుర్రకు తట్టలేదు. మేస్త్రి కూడా అదే లెక్క కట్టినట్టున్నాడు. నవ్వు ఆపి, లేని వేలి చోటు తడుముకున్నాడు.

"పోనీలే, పోయిన వేలు ఇన్నాళ్లకు ఒక పనికొచ్చె," అన్నాడు.

ఆ మాటకు నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, తువ్వాల లేకుండానే.

తొమ్మిదో రోజు గండి పక్కన బురదలో నడిచి ధర్మవరం చేరాను. పదో రోజు సాయంత్రం మొదటి ప్యాసింజరులో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నడుము వెనక రెండు దిండ్లు, ఒళ్లో చక్కిలాల డబ్బా. బండి కదిలినప్పటి నుంచీ నా గొప్పలు మొదలయ్యాయి. నెల పని పది రోజులు కూడా కాదు, ఎనిమిది రోజులకు దించానని, సున్నం ఆరడానికి రెండు రోజులు ముందే లెక్కేసుకున్నానని చెప్పాను.

"తువ్వాల కిందనా?" అంది అక్క చక్కిలం కొరుకుతూ.

"మరి? చెయ్యంతా రెండుసార్లు పట్టినా. అంతే, గమ్మున ఒప్పుకున్నాడు."

అక్క నమలడం ఆపింది. ఆమె కూడా అదే మండీలో పుట్టింది.

"చెయ్యంతా రెండుసార్లయితే పది కదరా?"

నేను చక్కిలాల డబ్బాలో చెయ్యి పెడుతుండగా బండి కట్ట మీదికొచ్చి నడకంత మెల్లగా అయింది. ముందు ఇంజినీరు జెండా పట్టుకుని నడుస్తున్నాడు. డ్రైవరు ఇంజను దగ్గర టెంకాయ కొట్టించాడట, పీచు ముక్కలు పట్టాల పక్కన కనిపించాయి. బండిలో జనమంతా కిటికీల దగ్గరికి చేరారు. మా కింద గోడ, గోడ కింద నీళ్లు. ఆ గోడ అంచు మీద మేస్త్రి నిలబడి ఉన్నాడు. తను కట్టిన దాని మీద మొదటి బరువు పోయేటప్పుడు మేస్త్రి దాని మీదే నిలబడాలట. రాళ్లు కదల్లేదు. ఇంజను దాటింది, మొదటి పెట్టె దాటింది, మా పెట్టె దాటుతోంది. బండి అంతా ఒక్కసారిగా కేకలు వేసింది. మేస్త్రి మా కిటికీ వైపు చూసి, అక్కను చూసి, గుడ్డలేని కుడిచెయ్యి పైకెత్తి ఊపాడు.

అక్క ఆ చేతిని ఒక్క చూపు చూసింది. తిరిగి నన్ను చూసింది. కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు భయమేసింది, కాన్పు రైల్లోనే అయిపోతుందేమోనని.

"నాలుగు వేళ్లాయనతో బేరమాడి... పది అడిగి... ఓరి దేవుడా! ఆ చెయ్యి పట్టుకున్నోడివి నీకు తెలీలేదు, రైల్లో పోతా నాకు తెలిసిపాయ!"

"అమ్మకు చెప్పొద్దక్కా."

అక్క కళ్లు తుడుచుకుని, మండీలో మా నాయన పెట్టే మొహం పెట్టింది. చీర కొంగు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పింది. "స్టేషను పక్క హోటల్లో మసాలా దోసె, అవ్వకు తెలీకుండా," అంటూ నా చెయ్యంతా పట్టుకుని గట్టిగా ఒకసారి నొక్కింది. వదిలి మళ్లీ నొక్కింది.

నేను కొంగు ఎత్తి నా వేళ్లు చూసుకున్నాను. దురదృష్టవశాత్తు ఐదూ ఉన్నాయి.