సగంలో సగం

నకరికల్లు దగ్గర త్రికోటేశ్వరరావును పలకరించి చూడండి, ముందు మిరపచేను సంగతి చెప్పి ఆ తర్వాతే బాగున్నావా అంటాడు. కోటప్పకొండ తిరునాళ్లకు అక్కడున్న తమవాళ్ల సత్రంలో పెట్టే అన్నదానంలో పప్పులోకి పచ్చిమిరపకాయలు వాళ్ల చేనివే పడాలి. తండ్రి నాటి నుంచీ వస్తున్న మర్యాద అది. దాని మీద ఆయనకున్న గర్వం అంతా ఇంతా కాదు.

ఈ ఏడు సత్రానికి కాయలు పంపడానికి ఇంకా ఎనిమిది రోజులుందనగా చేను మీద తామరపురుగు విరుచుకుపడింది. వేరే దారి లేక మందు కొట్టించాడు. నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే కూతురు సుకన్య అదే రోజు కాసిని కాయలు కోయించి ల్యాబుకు పంపింది. కిలోకు నాలుగు మిల్లీగ్రాముల మందు ఉందని తేలింది. అర మిల్లీగ్రాముకు దిగితే గానీ తినడానికి పనికిరావు.

"నాలుగు రోజులకి సగం పోద్దని మందుల కొట్టాయన చెప్పాడు. ఎనిమిది రోజులకి మొత్తం పోద్ది. దీనికి చదువెందుకే?" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"మొత్తం పోదు నాన్నా. తర్వాతి నాలుగు రోజుల్లో పోయేది మిగిలినదాంట్లో సగమే."

ఎన్ని రోజులకు ఎంత మిగులుతుందో చెప్పే సమాకలిత రేటు సమీకరణం వేసి చూపించింది సుకన్య. ఇలాంటి ప్రథమ క్రమాంక చర్యలో మందు తగ్గేకొద్దీ, తగ్గే వేగమూ తగ్గుతుంది. నాలుగు రెండవుతుంది, రెండు ఒకటవుతుంది. ఎనిమిదో రోజుకు ఇంకా ఒక మిల్లీగ్రాము ఉంటుంది. అరకు దిగాలంటే పన్నెండో రోజు రావాల్సిందే.

"ఏందే నీ గోల? సత్రంలో నా తల ఎక్కడ పెట్టుకోను?"

"ఆ పప్పు పసిపిల్లలు కూడా తింటారు నాన్నా."

ఆయన రుసరుసలాడుతూ లేచిపోయాడు. పంతం పడితే తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఇద్దరే.

ఎనిమిదో రోజు పొద్దున మళ్లీ కాయలు పంపితే, సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు వచ్చింది. ఒక మిల్లీగ్రాము. త్రికోటేశ్వరరావు చేలోకి వెళ్లి కాయ తుంచి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా మచ్చ లేదు, నిగనిగలాడుతోంది. ఇంటికొచ్చి చొక్కా మార్చుకుని, సుకన్యను బండెక్కించుకుని వట్టి చేతులతో సత్రానికి వెళ్లాడు.

"ఏంది కోటేశ్వరరావూ, కాయలేవి?" అన్నాడు సత్రం పెద్ద వెంకట్రామయ్య.

"ఈ ఏడు లేవు బావా. మందు ఇంకా పోలేదు."

"కాయలో నీకేమన్నా కనపడిందా ఏంది?"

కూరలు తరిగేవాళ్లంతా తలెత్తి చూశారు. చేను గురించి చెప్పుకునేటప్పుడు కూడా త్రికోటేశ్వరరావు గొంతులో ఎన్నడూ అంత గర్వం పలకలేదు.

"నాకు కనపడలా. మా అమ్మాయికి ఎనిమిది రోజుల ముందే కనపడింది."