సిమెంటు గూడు

నా చిన్నప్పుడు అంటే చార్మినార్ కడుతున్న రోజులేమీ కాదు, జల్‌పల్లిలో మా కాలనీ కడుతున్న రోజులు. ఎటు చూసినా సిమెంటే. ఇంట్లో మట్టి అంటే నా కాళ్లకు అంటినదే.

చిన్నమ్మకు అప్పుడు ఏడో నెల. ఆమె గది కిటికీ పైన ఒక కందిరీగ గూడు కట్టింది. కందిరీగ గూడు కట్టిన ఇంట బిడ్డ క్షేమంగా పుడుతుందని మావాళ్ల నమ్మకం కాబట్టి దాన్నెవరూ ముట్టుకోలేదు. నెల దాటినా పిల్ల బయటికొచ్చిన చిల్లు కనబడలేదు. ఒక మధ్యాహ్నం ఫ్యాను ఆగినప్పుడు గూట్లోంచి గరగరమని చప్పుడు వినిపించింది, ఎవరో లోపలినుంచి గోరుతో గీకుతున్నట్టు. ఆగేది, మళ్లీ మొదలయ్యేది. దయ్యమైతే పగటి డ్యూటీ చేయదని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు.

చిన్నమ్మ అన్నం ముట్టడం మానేసింది. గూట్లోది బయటికి రాలేకపోతే తన కడుపులోదీ రాదని ఆమె భయం. మూడోనాటికి చప్పుడు సన్నబడింది.

ఆరోజే కిషన్‌బాగ్ నుంచి మా తాతయ్య వచ్చాడు. జన్మంతా తాపీ పని చేసిన మనిషి. స్టూలెక్కి, కొత్త పూత గుల్లబారిందేమో చూసినట్టు, తాపీ పిడితో గూటిని తట్టి విన్నాడు.

“మట్టి గాదు బిడ్డా. ఎదురింటి స్లాబుకు కలిపిన సిమెంటు తెచ్చి కట్టింది. తాతలనాటి నుంచి దానికి తడి బురదంటే మట్టే. గిది రాయి అయితదని దానికెవరు జెప్పాలె?”

“పగలగొడితే నా బిడ్డకేమన్న అయితదా మామా?”

“నీ బిడ్డకు తొవ్వ నువ్విస్తవు. దీనికి నేనిస్త.”

తాపీ మొనతో గూడు విప్పాడు. మూడు అరలు. రెండింటిలో రెక్కలొచ్చిన కందిరీగలు, గోడను కొరుకుతున్న భంగిమలోనే ఎండిపోయి ఉన్నాయి. మూడోది మెల్లగా బయటికొచ్చి, చాలాసేపు కదలకుండా కూర్చుని, ఎగిరి తిన్నగా ఎదురింటి తడి సిమెంటు మీదికే పోయింది. మనుషులకే రాని బుద్ధి దానికెక్కడిది?

తాతయ్య స్టూలు దిగాడు. వాకిట్లో ఒక బండ పెకలించి, కింది మట్టిని తడిపాడు. చిన్నమ్మ ఆ పూట రెండు మారులు వడ్డించుకుంది. తమ్ముడు నెలలు నిండాకే పుట్టాడు. బయటికి రావడానికి వాడేమీ మొహమాటపడలేదు.

ఇప్పుడు కొత్త ఇల్లు చూడమని ఎవరు పిలిచినా, అందరూ టైల్స్ మెచ్చుకుంటుంటే నేను గోడకు చెవి ఆనిస్తాను. పిచ్చోడని నవ్వుతారు. ఏ చప్పుడూ లేకపోతే, అసలు లోపల ఎవరూ లేరనా, ఇక గీకడం ఆపేశారనా అన్నది నాకిప్పటికీ తెలియదు.